రెండువందల ఒకటో యూనిట్

కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి వచ్చే రోజు దగ్గర పడిందంటే హైదరాబాద్ కాప్రాలో చాలా ఇళ్లలో క్యాలెండర్ కంటే మీటరుకే గిరాకీ ఎక్కువ. మెట్ల కింద, చెప్పుల స్టాండు పైన, దుమ్ము పట్టిన గ్రిల్లు వెనకాల ఉంటుంది ఆ పెట్టె. ఇంటి పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, సెల్‌ఫోన్ టార్చి వేసి, అంకెలు చదివి, పోయిన బిల్లులోని అంకెను నోటిలెక్కతో తీసివేస్తాడు. లోపలి నుంచి కేక వినిపిస్తుంది. "ఎంతయిందండీ?" "నూట తొంభై ఒకటి." "ఇంకా ఎన్నాళ్లుంది?" "రెండ్రోజులు." వంటింట్లో మిక్సీ టక్కున ఆగిపోతుంది. ఏడాదికోసారి కూడా కదలని రోలు బాల్కనీలోంచి బయటికొస్తుంది. ఆ పూట గోంగూర పచ్చడికి పాతకాలపు రుచి వచ్చిందని అందరూ లొట్టలు వేస్తారు. ఆ రుచిలో సగం వాటా రెండువందల ఒకటో యూనిట్ భయానిది.

మీటరు మీద ఒక ఎర్ర చుక్క మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. చాలా మీటర్ల మీద, కాస్త దగ్గరికి వెళ్లి చూస్తే, 3200 అనే అంకె కూడా ఉంటుంది. ఆ చుక్క అన్నిసార్లు వెలిగి ఆరితే ఒక యూనిట్. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె ఏకధాటిన గంటసేపు కాలితే అంత. పెళ్లికి బయల్దేరే కుటుంబానికి నాలుగు పట్టుచీరలు, రెండు లాల్చీలు అనుకోండి.

ఇప్పుడు ఆ చీరల ఖరీదు చూద్దాం. 2022 ఏప్రిల్ నుంచి తెలంగాణలో నడుస్తున్న ధరల ప్రకారం నెలకు 200 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున మొత్తం 820 రూపాయలు. అక్కడ ఆగితే క్షేమం. ఇంకొక్క యూనిట్ కాలిందా, రేటు ఆ ఒక్క యూనిట్‌కే మారి ఊరుకోదు. ఇల్లు ఇల్లంతా వేరే పట్టికలోకి కాపురం మారుస్తుంది. ఆ పట్టికలో మొదటి 200 యూనిట్లకూ 5.10, పై యూనిట్‌కు 7.70. కూడితే 1,027 రూపాయల 70 పైసలు. అంటే రెండువందల ఒకటో యూనిట్ ధర అక్షరాలా 207 రూపాయల 70 పైసలు. ఎర్ర చుక్క ఒక్కసారి కన్ను గీటితే ఆరున్నర పైసలు. వీధి చివర బొగ్గుల పెట్టెతో బండి పెట్టుకున్న ఇస్త్రీ అతను ఇంతకంటే ఎంతో చవకగా చేసిపెడతాడు, పైగా మడతలు కూడా బాగా వస్తాయి.

వంద దగ్గర కూడా ఇలాంటిదే ఒక చిన్న గోడ ఉంది. వంద యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు, నూట ఒకటికి 344 రూపాయల 80 పైసలు. కాని ఫ్రిజ్ ఉన్న ఇల్లు వేసవిలో వంద లోపల ఆగడమనేది పురాణాల్లో మాట కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు.

అసలు నాటకం తెల్ల రేషన్ కార్డు ఇంట్లో ఉంది. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు వస్తోంది. నిజంగానే సున్నా. పక్కనున్న కుషాయిగూడలో ఒక పోర్షన్‌లో అద్దెకుండే కుటుంబానికి అది చిన్న సాయం కాదు, వెక్కిరించాల్సిన విషయం అంతకంటే కాదు. చిక్కంతా గీత దగ్గరే. ఆ నెల 201 అయిందంటే సున్నా స్థానంలో పూర్తి బిల్లు వచ్చి కూర్చుంటుంది. కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్‌కు ఆరు పైసల సుంకం అన్నీ కలిపితే పదకొండు వందలు దాటుతుంది. ఆ ఇంటికి ఆ ఒక్క యూనిట్ ధర అదే.

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌ను మంచు తుపాను కమ్మేసినప్పుడు అక్కడి టోకు మార్కెట్‌లో కరెంటు ధర గరిష్ఠ పరిమితికి, అంటే యూనిట్‌కు తొమ్మిది డాలర్లకు ఎగబాకింది. డాలస్‌లో, హ్యూస్టన్‌లో పిల్లలున్న మన పక్క ఏఎస్ రావు నగర్ తల్లిదండ్రులు అప్పుడు ఫోన్లలో బెంగపడ్డారు. టోకు ధరకు ముడిపెట్టిన పథకంలో చేరిన ఇళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయని ప్రపంచమంతా నోరు వెళ్లబెట్టింది. తొమ్మిది డాలర్లంటే అప్పటి లెక్కన ఆరువందల యాభై రూపాయలు. కుషాయిగూడ పోర్షన్‌లో రెండువందల ఒకటో యూనిట్ అంతకంటే ప్రియం. తుపాను లేదు, మంచు లేదు, మార్కెట్ లేదు. పిల్లవాడు బాత్‌రూంలో లైటు ఆర్పడం మర్చిపోయాడు, అంతే. పోలిక న్యాయంగా లేదని కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కమ్ ఇంజినీర్లు అంటారు. నిజమే, న్యాయంగా లేదు. కాని ఆ పిల్లవాడి వీపుకు ఆ సంగతి ఎవరు చెప్తారు?

తక్కువ వాడేవాడికి చవక, ఎక్కువ వాడేవాడికి ప్రియం అన్న సూత్రంలో తప్పేమీ లేదు. మెట్లు ఉండాల్సిందే. మెట్ల మధ్యలో గోడ కట్టడం దగ్గరే పేచీ. ఆంధ్రప్రదేశ్ 2022లో గృహ వినియోగదారులందరినీ ఒకే వర్గంలోకి తెచ్చి, ఏ మెట్టుకు ఆ మెట్టు ధరే పడేలా మార్చింది. విజయవాడ బావగారికి రెండువందల ఒకటో యూనిట్ ఖరీదు ఆరు రూపాయలు. అలాగని బావగారు హాయిగా ఉన్నాడనుకోవద్దు. ఆయన బిల్లులోకి ట్రూ అప్ అనే వరస వచ్చి చేరింది. 2022-23లో వాడేసిన కరెంటు తాలూకు ఆరు వేల కోట్ల పైచిలుకు సర్దుబాటును 2024 డిసెంబర్ నుంచి వసూలు చేయడానికి అక్కడి విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించింది. తిరిగిన ఫ్యాను గాలి ఎప్పుడో చెమటలో కలిసిపోయింది, దాని బాకీ మాత్రం రెండేళ్లకు గుమ్మంలో నిలబడింది. ఇద్దరు బావలూ కలిసినప్పుడు ఎవరి బాధ పెద్దదో తేలక, కాఫీ మాత్రం గ్యాసు మీదే పెట్టుకుంటారు.

ఇక కాప్రా సంగతే వేరు. కరెంటు విషయంలో ఇంత ఘనమైన ఇరుగుపొరుగు ఉన్న పేట దేశంలో ఇంకోటి దొరకడం కష్టం. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇక్కడ 1967లో వెలసింది. దాన్ని పెంచి పెద్దచేసిన అయ్యగారి సాంబశివరావు పేరే ఏఎస్ రావు నగర్‌కు పెట్టుకున్నారు. ఒకప్పుడు ఈసీ టీవీ చేసిన సంస్థ ఇప్పుడు దేశానికి ఓటింగ్ యంత్రాలు చేసిస్తోంది. పక్కనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1971 నాటిది. దేశంలోని భారజల రియాక్టర్లకు కావలసిన యురేనియం ఇంధన కట్టలు అక్కడే తయారవుతాయి. ఒక్కో కట్ట మూరెడు పొడవుంటుంది. అది రియాక్టర్‌లో చేరితే లక్షల యూనిట్ల కరెంటుకు సరిపడే వేడినిస్తుంది. అంటే కాప్రా, మౌలాలి మీదుగా పోయే లారీలో ఒక పేటకు ఏళ్ల తరబడి సరిపోయే కరెంటు ఉండొచ్చు. అదే రోడ్డు పక్క ఇంట్లో ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరైన పెద్దాయన బనీనుతో విసనకర్ర ఊపుకుంటూ, నూట తొంభై ఏడు దగ్గర మీటరును బతిమాలుతుంటాడు. అణువును చీల్చే సంగతి ఆయనకు తెలుసు, 200ను దాటకుండా ఆపే సంగతే తెలీదు.

ఆపడానికి జనం పడే పాట్లు చూస్తే, ఈ పేటలో ఇంకా ఎంత తెలివి మిగిలి ఉందో తెలుస్తుంది. అన్నిటికంటే పాత ఉపాయం రెండో మీటరు. కింద ఒకటి, పైన ఒకటి. అత్తగారు కింద, కోడలు పైన. వంట ఒక్కచోటే, టీవీ ఒక్కచోటే, తగాదా కూడా ఒక్కచోటే, మీటర్లు మాత్రం రెండు. నెల మధ్యలో కింద మీటరు నూట యాభై దాటితే వాషింగ్ మెషిన్ బట్టలు పై అంతస్తుకు ఎక్కుతాయి. ఉమ్మడి కుటుంబాల్ని ఉద్యోగాలూ సినిమాలూ విడగొట్టాయని రాసినవాళ్లు కరెంటు ధరల పట్టిక చదివినట్టు లేదు.

రీడింగ్ ఒకరోజు ఆలస్యమైతే కొంప మునుగుతుందన్న భయం ఇంకొకటి. రోజుల లెక్క వేసే బిల్లు చేస్తామని సంస్థ చెప్తుంది. అయినా నమ్మకం కుదరదు. 2020లో లాక్‌డౌన్ వల్ల రీడింగ్‌లు ఆగి, జూన్‌లో మూడు నెలల లెక్క ఒకేసారి వచ్చిపడినప్పుడు యూనిట్లను మూడు నెలలకు సమానంగా పంచామని డిస్కమ్‌లు నెత్తీనోరూ కొట్టుకున్నాయి. ఇంటిల్లిపాదీ ఎండాకాలమంతా ఇంట్లోనే కూర్చుని కాల్చిన యూనిట్లు కాగితం మీద కనబడేసరికి జనం ఆ వివరణ వినే స్థితిలో లేరు. అప్పటి నుంచి బిల్లు కొట్టే అబ్బాయి వచ్చే తేదీకి ముహూర్తానికున్నంత విలువ వచ్చింది. వాకిట్లో అతని బండి చప్పుడైతే చాలు, లోపల ఎవరో ఒకరు గీజర్ కట్టేస్తారు. ఆ ఒక్క నిమిషంలో ఏం మిగులుతుందో అడక్కూడదు.

ఏసీ దగ్గర మాత్రం ఈ పొదుపంతా గాలికి పోతుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నియమం. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతూనే ఉంది. మొదలవ్వడం 24తోనే మొదలవుతుంది. ఇంటాయన బొటనవేలు దాన్ని 18కి దించుతుంది. పద్దెనిమిది పెడితే గది తొందరగా చల్లబడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆటో డ్రైవర్ హారన్ కొడితే సిగ్నల్ తొందరగా పడుతుందన్న నమ్మకానికి ఇది సొంత తమ్ముడు. రాత్రి రెండింటికి ఇంటావిడ లేచి బీరువాలోంచి బొంత తీస్తుంది. ఏప్రిల్ నెలలో, హైదరాబాద్‌లో, బొంత! 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్‌లాల్ ఇకపై ఏసీలను 20కి తక్కువ, 28కి ఎక్కువ పెట్టే వీల్లేకుండా చేస్తామన్నప్పుడు మగవాళ్లు కొందరు దాన్ని వ్యక్తిగత స్వేచ్ఛ మీద దాడిగా భావించారు. బొంతలు మోసేవాళ్లను ఎవరూ అభిప్రాయం అడగలేదు.

మిక్సీని ఆపి రోలు పట్టినంత శ్రద్ధ టీవీ కింద మిణుకుమనే సెట్‌టాప్ బాక్సు మీద ఎవరికీ ఉండదు. అది పది వాట్లే తింటుందనుకున్నా, రోజంతా, నెలంతా లెక్కేస్తే ఏడు యూనిట్లు దాటుతుంది. టీవీ కట్టేసినా అది తింటూనే ఉంటుంది, రిమోట్‌తో ఆపాం కదా అని ఇల్లు నిద్రపోతుంది. పక్కన వైఫై పెట్టె ఇంకో ఏడు. నూట తొంభై ఒకటి దగ్గర చెమటలు పట్టిన పెద్దాయనకు కావలసిన యూనిట్లు ఆ రెండు పెట్టెల్లోనే ఉన్నాయి. గోడకున్న స్విచ్చి నొక్కితే చాలు. కాని ఆ స్విచ్చి టీవీ స్టాండు వెనకాల, దేవుడికి కూడా చెయ్యి పట్టని సందులో ఉంటుంది.

పాత సీలింగ్ ఫ్యాను కథ కూడా ఇంతే. డెబ్బై అయిదు వాట్ల ఫ్యాను రోజుకు పదహారు గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. అదే గాలిని ముప్ఫై వాట్లలో ఇచ్చే బీఎల్‌డీసీ ఫ్యానుకు పద్నాలుగున్నర చాలు. ఇంట్లో మూడు ఫ్యాన్లు మారిస్తే అరవై యూనిట్ల పైన మిగిలి, గోడకు చాలా ఇవతలే హాయిగా నిలబడొచ్చు. "ఆ ఫ్యాను మా పెళ్లికి మేనమామ పెట్టింది, ఇప్పటికీ బంగారంలా తిరుగుతోంది" అంటారు. తిరుగుతోంది, నిజమే. మేనమామ పెట్టిన ఖర్చుకు పదింతలు ఈపాటికి కరెంటు రూపంలో లాగేసి ఇంకా తిరుగుతోంది.

డాబా మాట ఎత్తకపోతే ఈ పేటకు అన్యాయం చేసినట్టే. పగలంతా కాగిన స్లాబు రాత్రి పన్నెండు దాకా కింద గదిలోకి వేడి దించుతుంది. పాతకాలం వాళ్లు ఉగాదికి ముందే డాబాకు చిక్కగా సున్నం కొట్టించేవారు. అదే పనికి 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానమని పేరు పెట్టింది. ఆరువందల గజాలు దాటిన స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకు తప్పనిసరి, అంతకు తక్కువైతే ఇష్టముంటే చేసుకోవచ్చు. కాప్రాలో ఎక్కువ ఇళ్లు నూటయాభై, రెండువందల గజాలవే. ఇష్టమున్నా, ముందు ఆ డాబా మీది పాత సోఫా, విరిగిన కూలరు, మూడు ఖాళీ రంగు డబ్బాలు తీసేవాళ్లు కావాలి.

బిల్లు కట్టకపోతే ఏమవుతుంది? మామూలు మనిషికైతే గడువు దాటిన కొన్నాళ్లకే లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. ఉప్పల్‌లో ఒకసారి స్తంభం కాస్త ఎత్తయింది. 2024 ఏప్రిల్ 4న, మర్నాడు సన్‌రైజర్స్‌కూ చెన్నై సూపర్ కింగ్స్‌కూ మ్యాచ్ ఉందనగా, రాజీవ్ గాంధీ స్టేడియానికి విద్యుత్ సంస్థ కరెంటు కట్ చేసింది. హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ కట్టాల్సిన పాత బాకీ కోటిన్నర రూపాయల పైనే ఉందని చెప్పింది. ఆటగాళ్లు నెట్ ప్రాక్టీసుకు దిగిన స్టేడియం చీకట్లో మిగిలింది. ఆ రాత్రే మాటలు కుదిరి వెలుగొచ్చింది, మ్యాచ్ జరిగింది, హైదరాబాద్ గెలిచింది కూడా. కాప్రాలో ఆ వార్త చదివినవాళ్లకు కలిగిన సందేహం ఒక్కటే. కోటిన్నర బాకీ పేరుకునే దాకా తీగ తెగకుండా ఉండాలంటే ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి, ఏ స్లాబులో చేరాలి?

హైదరాబాద్‌లో కరెంటు చార్జీలంటే నవ్వులాట కాని రోజు కూడా ఒకటుంది. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపుకు వ్యతిరేకంగా అసెంబ్లీ వైపు నడిచిన జనం మీద బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఏ ప్రభుత్వం వచ్చినా ఇంటి కరెంటు ధర మీద చెయ్యి వెయ్యాలంటే ముందూ వెనకా చూస్తోంది. 2024లో 300 యూనిట్లు దాటినవాళ్ల ఫిక్స్‌డ్ చార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50కి పెంచాలని డిస్కమ్‌లు అడిగితే, నియంత్రణ మండలి 800 దాటిన ఇళ్లకే సరేనంది. ధర పెరగలేదు కాబట్టి బిల్లు పెరగలేదని అధికారులంటారు. ఎండలు పెరిగాయి, ఏసీలు పెరిగాయి, ఒక్కో మెట్టుకు యూనిట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. 2025లో వేసవి సరిగా మొదలవకముందే, మార్చి 20న, రాష్ట్రంలో గరిష్ఠ డిమాండ్ 17,162 మెగావాట్లకు చేరింది. ధర కదలకపోయినా, మనుషులే నడిచి వెళ్లి ఖరీదైన మెట్టు మీద నిలబడుతున్నారు.

ఎండనే కరెంటు చేసుకోవచ్చు కదా అంటే, చేసుకోవచ్చు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక్కో కిలోవాట్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. సొంత డాబా ఉన్నవాళ్లకు ఇది చక్కగా పనికొస్తుంది. అపార్ట్‌మెంట్లో డాబా అందరిదీ, అందుకే ఎవరిదీ కాదు. లిఫ్టు, బోరు మోటరు నడిచే కామన్ మీటరుకు సోలార్ పెట్టుకుంటే సంఘాలకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఇస్తారని నాచారంలో ఒక అపార్ట్‌మెంట్ మీటింగులో కుర్రాడొకడు ఉత్సాహంగా చెప్పాడు. మొదటి ప్రశ్న మూడో అంతస్తు మామ్మగారిది: "మరి వడియాలెక్కడ పెట్టుకోవాలి నాయనా?" రెండో ప్రశ్న గ్రౌండ్ ఫ్లోర్ ఆయనది, తాను లిఫ్టే ఎక్కనప్పుడు వాటా ఎందుకివ్వాలని. చర్చ వచ్చే నెలకు వాయిదా పడింది. అలా పడటం అది అయిదోసారి.

ఆ మీటింగుకు అసలు కారణం సోలార్ కాదు. కామన్ మీటరు బిల్లు మూడు నెలలుగా పెరుగుతూ వస్తోంది. లిఫ్టు మామూలుగానే తిరుగుతోంది, మోటరు మామూలుగానే పోస్తోంది. సెక్రటరీగారు కారణం కనుక్కోవడానికి ఒక ఆదివారం పొద్దున్నే కారిడార్లన్నీ తిరిగారు. వాచ్‌మన్ ఊడ్చే మెషిన్ కోసమని అంతస్తుకొక ప్లగ్ పాయింట్ పెట్టించారు, ఆ మెషిన్ ఎప్పుడూ కొననేలేదు. రెండో అంతస్తు ప్లగ్‌కు మూడు సెల్‌ఫోన్లూ ఒక లాప్‌టాపూ వేలాడుతున్నాయి. మూడో అంతస్తులో స్టూలు మీద మిక్సీ, దాన్లో సగం రుబ్బిన ఇడ్లీపిండి. నాలుగో అంతస్తులో ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు ఒక తలుపు కింది సందులోంచి లోపలికి పోయింది. ఎవరి ఫ్లాట్ రీడింగ్ అడిగినా నూట తొంభై చిల్లరే. పొదుపు చేస్తున్నాం కదండీ అని అందరూ గర్వంగా చెప్పారు.

ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో ప్రకటన పడింది. కారిడార్ ప్లగ్ పాయింట్లన్నిటికీ తాళం వేయబడింది, తాళంచెవి సెక్రటరీ వద్ద ఉంటుంది. మర్నాడు తెల్లవారుజామున పాలు వేయడానికి వచ్చిన కుర్రాడు అయిదో అంతస్తులో సెక్రటరీగారి గుమ్మం పక్కన ఆగాడు. ప్లగ్ పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది, కింద నాలుగు మడతల దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఉంది. పాల ప్యాకెట్ పెట్టబోతూ చెయ్యి తగిలింది. ఇంకా వేడిగానే ఉంది.